ఆ అధ్యాయంలో సాతాను పేరే లేదు

మీరు అడిగినవి రెండు. సాతాను ఒకప్పుడు గొప్ప దేవదూతగా ఉండి గర్వంతో పడిపోయాడన్నది నిజంగా లేఖనాల్లో ఉందా, లేక తర్వాతివాళ్లు కూర్చిన కథా? దేవుడు చేసినవన్నీ మంచివే అయితే మొదటి చెడు ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాదు. సండే స్కూల్లో పన్నెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ రెండు ప్రశ్నలూ నాకు ఎదురైంది అక్కడే.

మొదట్లో నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు. యెషయా 14వ అధ్యాయం తీసి, "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అని గట్టిగా చదివి, లూసిఫర్ (సాతానుకు మనవాళ్లు వాడే పేరు) పతనం అంటే ఇదే అని చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం, పదకొండేళ్లుంటాయేమో, ముందు వరసలో ఒక అమ్మాయి నాలుగో వచనం మీద వేలు పెట్టి, "అన్నయ్యా, ఇక్కడ బబులోను రాజును గూర్చి అని ఉంది. సాతాను అని లేదు కదా?" అంది. పెద్దయ్యాక అర్థమవుతుందిలే అని ఆ పిల్లను కూర్చోబెట్టేశాను. ఆ రాత్రి అధ్యాయమంతా రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. సాతాను పేరు ఎక్కడా లేదు.

అక్కణ్ణుంచి వెతుకుతూ పోతే తెలిసిన సంగతులివి. హీబ్రూలో ఆ మాట "హేలేల్ బెన్ షహర్", అంటే వేకువకు పుట్టిన మెరిసే చుక్క. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము దానికి "లూసిఫెర్" అని రాశాడు. ఆ భాషలో అది వేకువచుక్కకు వాడే మామూలు మాటే, ఎవరి పేరూ కాదు. అదే లాటిన్ బైబిల్లో 2 పేతురు 1:19లో విశ్వాసుల హృదయాల్లో ఉదయించే వేకువచుక్కకు కూడా అదే మాట ఉంది. ప్రకటన 22:16లోనైతే యేసు తానే ప్రకాశమానమైన వేకువచుక్కనని చెప్పుకున్నాడు. సాతాను గురించే అని చెప్పే ఇంకో భాగం, యెహెజ్కేలు 28లోని "అభిషేకము నొందిన కెరూబు" (కెరూబు అంటే ఒక రకం దేవదూత) సంగతీ అలాంటిదే, అక్కడ మాట్లాడుతున్నది తూరు రాజు గురించి. ఈ భాగాలను సాతాను పతనానికి అన్వయించిన పాతవాళ్లలో 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ ముఖ్యుడు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ యెషయా మాటలను అలా చదవడం ఒప్పుకోలేదు. కాబట్టి ఈ అనుమానం వస్తే మీ విశ్వాసం సడలిపోయిందేమోనని భయపడకండి.

తెలుగు బైబిలు చదివేవాళ్లకు మాత్రం ఇంకో చిక్కుంది. హీబ్రూలో "సాతాన్" అన్న ఒక్క మాటే మన అనువాదంలో మూడు రకాలుగా కనిపిస్తుంది. బిలాముకు అడ్డంగా నిలబడిన యెహోవా దూత దగ్గర (సంఖ్యా 22:22) అది "విరోధి". యోబు మొదటి అధ్యాయంలో "అపవాది". 1 దినవృత్తాంతములు 21:1లో "సాతాను". అంటే ఒకచోట దేవుని సొంత దూతే ఆ పని చేస్తున్నాడు. యోబు గ్రంథంలోని అపవాది దేవదూతలతో కలిసి సన్నిధికి వచ్చి, అనుమతి తీసుకునే వెళ్తాడు. తిరుగుబాటు చేసి పారిపోయినవాడిలా కనిపించడు. దావీదు జనాభా లెక్క సంగతి చూడండి. 2 సమూయేలు 24:1లో అతణ్ణి ప్రేరేపించింది యెహోవా కోపం, దినవృత్తాంతములలో అదే పని సాతానుది. ఈ రెండు వచనాల మధ్య ఎంత ఆలోచన నడిచి ఉండాలో అని నేను చాలాసేపు పుస్తకం తెరుచుకునే కూర్చుండిపోయాను.

యూదులు చాలామంది పడిపోయిన దూత కథను తమదిగా చెప్పుకోరు. యూదుల ధర్మగ్రంథమైన తల్మూదులో రేష్ లాకిష్ అనే రబ్బీ (మతగురువు) మాట ఒకటుంది: సాతాను, మనిషిలోని దుష్ప్రేరణ, మరణదూత, ముగ్గురూ ఒకరే అని. ఇస్లాంలో సంగతి నాకు పక్క సీటులో పనిచేసే మిత్రుడు చెప్పాడు. ఆదాముకు సాష్టాంగపడమని దేవుడంటే ఇబ్లీసు (ఇస్లాంలో సాతాను పేరు) ఒప్పుకోలేదు. "నేను అతనికంటే మేలైనవాణ్ణి, నన్ను నిప్పుతో చేశావు, అతణ్ణి మట్టితో చేశావు" అన్నాడు (ఖురాన్ 7:12). 18:50లో అతను జిన్నుల్లోవాడని (దూతలు కాక, కంటికి కనబడని వేరే జీవులు) ఉంది. 922లో బాగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ (ఇస్లాంలోని భక్తిమార్గీకుడు) హల్లాజ్ దీన్ని మరోలా చూశాడట: దేవుడికి తప్ప ఎవరికీ మొక్కనన్న పట్టుదలే ఇబ్లీసును పడేసిందని. మా మిత్రుడు ఇది చెప్పి, అందరూ ఒప్పుకునే మాట కాదు సుమా అని వెంటనే అన్నాడు. నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి మాటే, "నేను అతనికంటే మేలైనవాణ్ణి".

ఎందుకు పట్టుకుందో చెప్పాలి. అప్పటికి కొద్ది నెలల ముందు మా కోయిర్‌లో ఒక కుర్రాణ్ణి ముందు నిలబెట్టి పాడించడం మొదలుపెట్టారు. చేరి ఏడాది కూడా కాలేదు. తొమ్మిదేళ్లుగా పాడుతున్నవాణ్ణి నేను. ఒకరోజు పాస్టరుగారి దగ్గర నిలబడి, మాటల్లో మాటగా, "వాడు ప్రాక్టీసుకు సరిగ్గా రావడం లేదండీ" అన్నాను. అబద్ధం కాదు, రెండు వారాలు రాలేదు. వాళ్ల నాన్నకు బాగాలేక రాలేదని నాకు తెలుసు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. పాస్టరుగారు తలాడించారు. తర్వాతి వారం ఆ పాట నాకొచ్చింది.

తర్వాత ఒక పెద్దాయన దగ్గర ఏడ్చి, సాతాను నన్ను మోసం చేశాడన్నాను. ఆయన, "సాతాను పేరు ఎత్తకు బాబూ, ఆ పని నువ్వు చేశావు" అన్నారు. అప్పుడు తట్టింది "అపవాది" అన్న తెలుగు మాట. ఒకరి మీద అపవాదు వేసేవాడు. ప్రకటన 12:10లో అతణ్ణి "మన సహోదరులమీద నేరము మోపువాడు" అంటారు. పాస్టరుగారి ముందు నేను నిలబడ్డది ఆ చోటులోనే.

మీ రెండో ప్రశ్నకు ఇక్కడే వస్తాను. చెడు అనేది ఒక వస్తువు కాదు, ఉండాల్సిన మంచి లేకపోవడం అంటాడు తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీను. దుష్ట సంకల్పానికి కారణం వెతకడం చీకటిని చూడాలనుకోవడం, నిశ్శబ్దాన్ని వినాలనుకోవడం లాంటిదని కూడా అన్నాడు. యౌవనంలో తొమ్మిదేళ్లపాటు మానీ మతంలో ఉండి, వెలుగూ చీకటీ రెండు శక్తులని నమ్మి, బయటికొచ్చిన మనిషి చెప్పిన మాట ఇది. నా సంగతికి అది అచ్చంగా సరిపోయింది. నేనన్న మాటలో అబద్ధం లేదు. లేనిది ఒక్క వాక్యం: "వాళ్ల నాన్నకు బాగాలేదండీ". చెడంతా ఆ చెప్పని వాక్యంలో ఉంది. మొదటి చెడు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఎవరో తయారుచేసి పెట్టినది కాదు, మంచిగా చేయబడిన మనసే తన పక్కవాణ్ణి చూసి మంచి నుంచి పక్కకు తిరిగింది అని నేను నమ్ముతాను. ఎందుకు తిరిగింది అంటే నా విషయంలోనే నేను చెప్పలేను, దూత విషయంలో ఏం చెప్పను?

కానీ అగస్టీనుతో నాకు పూర్తిగా కుదరనిది ఒకటుంది. ఆ కుర్రాడు కోయిర్ మానేశాడు. ఆర్నెల్ల తర్వాత వాడి దగ్గరికెళ్లి జరిగింది చెప్పాను. కాసేపు నేలవైపు చూసి, "నేనేం తప్పు చేశానో అని ఇన్నాళ్లూ వెతుక్కుంటున్నానన్నయ్యా" అన్నాడు. వాడి బాధ ఏదో లేకపోవడం కాదు, అది బరువుగా ఉన్న వస్తువు. "కీడును కలుగజేయువాడను నేనే" అన్న యెషయా 45:7 చదివినప్పుడల్లా నాకు వాడి ముఖమే కనిపిస్తుంది. దాన్ని తేలిక చేసే ఏ వ్యాఖ్యానాన్నీ నేను ఒప్పుకోలేకపోతున్నాను.

సాతాను పతనాన్ని నేను నమ్ముతానా అంటే, నమ్ముతాను. "సాతాను మెరుపువలె ఆకాశమునుండి పడుట చూచితిని" అన్న లూకా 10:18 నాకు చాలు. యెషయా 14 పాఠం ఇప్పటికీ చెప్తాను, కాకపోతే ముందు పిల్లలందరిచేతా నాలుగో వచనం గట్టిగా చదివిస్తాను.