ఈకలూ గుర్రాలూ లేకపోతే అది చెయెన్ కళ ఎలా అవుతుంది?

మీరు ఎడ్గర్ హీప్ ఆఫ్ బర్డ్స్ ప్రింట్లు చూసొచ్చారు. ఆయన చెయెన్ అనే అమెరికా మూలవాసుల తెగకు చెందిన కళాకారుడు. ఆ ప్రింట్లలో అన్నీ ఇంగ్లిష్ మాటలే ఉన్నాయి, ఇందులో చెయెన్‌తనం ఎక్కడుందని అడిగారు. నాకూ మొదట్లో ఇదే సందేహం. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ ఆర్ట్ మ్యూజియం బయట ఆయన చేసిన ‘వీల్’ (చక్రం) అనే శిల్పం చూశాకే తీరింది.

2005 నాటిది. 50 అడుగుల వలయంలో పది ఎర్రటి స్తంభాలు, ఒక్కోటీ పైన రెండుగా చీలి ఉంటుంది. ఊళ్లో పందిరికి పాతే పంగల గుంజలు గుర్తొచ్చాయి నాకు. దగ్గరికి వెళ్తే వాటి ఒంటి నిండా రాతలూ బొమ్మలూ, అన్నీ అక్కడి మూలవాసుల చరిత్రే. వయోమింగ్ కొండల మీదున్న పాతకాలపు రాతి చక్రం దీనికి ప్రేరణ. వెనక గోడ మీద చెయెన్ భాషలో ఒక వాక్యం ఉంది: మేం ఎప్పుడూ ఇంటికి తిరిగొస్తూనే ఉంటాం. ఇదే కొలరాడోలో, శాండ్ క్రీక్ దగ్గర, 1864 నవంబరు 29న అమెరికా సైనికులు దాదాపు 230 మంది చెయెన్, అరాపహో తెగల జనాన్ని చంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అది తెలిసి ఆ వాక్యం చదివితే గొంతు పట్టేసింది.

ఆయనకు ఈకల సంగతి తెలియక కాదు. చెయెన్‌లలో ఎల్క్ వారియర్ సొసైటీ అనే సంఘానికి పెద్దల్లో ఒకరు. చూసేవాళ్లు ఆశించే అలంకారం మాత్రం ఇవ్వరు.

ఇక మాటలు. 1988లో న్యూయార్క్ సిటీ హాల్ పార్కులో మామూలు సర్కారు బోర్డుల్లాంటివి పెట్టారు. పైన న్యూయార్క్ పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కింద తిన్నగా: ఈ రోజు మీకు ఆతిథ్యమిస్తున్నది షిన్నెకాక్. ఒక్కో బోర్డు మీద ఒక్కో తెగ పేరు. డెన్వర్ పక్కనే అరోరాలో ఇల్లు కొని గృహప్రవేశం చేసుకున్నప్పుడు ఈ నేల ఎవరిదని నేను ఒక్కసారైనా అడగలేదు. ఆ బోర్డు ఫొటో చూసిన రోజు రాత్రి చాలాసేపు అదే ఆలోచన.

మీరు చూసిన ప్రింట్లలో జంటలున్నాయేమో గమనించారా? మొదటి అచ్చులో రంగు దట్టంగా పడుతుంది. పలక మీద మిగిలిన కాస్త రంగుతో ఇంకో కాగితం అద్దితే అక్షరాలు వెలిసిపోయి వస్తాయి. దాన్ని ఘోస్ట్ ప్రింట్ అంటారు. ఆయన ఆ వెలిసినవాటినీ గోడకెక్కిస్తారు. వీలైతే ఇంకోసారి వెళ్లి వాటి ముందు కాసేపు నిలబడండి.