గ్రిల్ శుభ్రత: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చలికాలమంతా కవర్ కప్పి పెరట్లో ఉంచిన గ్యాస్ గ్రిల్‌ని మొన్న వెలిగించాం. ట్యాంకు నిండుగా ఉంది. మూడు బర్నర్లూ పూర్తిగా తిప్పినా వేడి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం లేదు. ఒక బర్నర్ మంట పసుపుగా ఊగుతోంది. కొత్తది కొనక తప్పదా?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: కొనక్కర్లేదండీ. మీ గ్రిల్‌కి ఉన్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు.

వేడి ఎక్కకపోవడానికి ముందుగా అనుమానించాల్సింది రెగ్యులేటర్‌ని. నాబ్‌లు తెరిచి ఉండగా ట్యాంకు వాల్వు తిప్పినా, వాల్వుని ఒక్కసారిగా తిప్పినా, గొట్టం తెగినప్పటిలా గ్యాస్ జోరుగా పారుతుంది. దాంతో రెగ్యులేటర్‌లోని భద్రతా ఏర్పాటు గ్యాస్‌ని సన్నటి ధారకి తగ్గించేస్తుంది. నాబ్‌లన్నీ, ట్యాంకు వాల్వూ కట్టేసి, గొట్టం విప్పి, ఒక నిమిషం ఆగి మళ్లీ బిగించండి. నాబ్‌లు ఆఫ్‌లోనే ఉంచి వాల్వుని మెల్లగా తెరవండి. గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు సమపాళ్లలో కలిపి గొట్టం మీద, బిగింపుల దగ్గర పూయండి. బుడగలు లేస్తే అక్కడ లీకు ఉన్నట్టే. వాల్వు కట్టి, బిగించి, మళ్లీ చూడండి. అయినా బుడగలు వస్తుంటే ఆ గొట్టం, రెగ్యులేటర్ మార్చేవరకు గ్రిల్ వాడకండి. లీకు లేదని తేలాకే, మూత తెరిచి ఉంచి బర్నర్లు వెలిగించండి. మూత వేసి వెలిగిస్తే లోపల నిండిన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది.

పసుపు మంటని మాత్రం ఇంకో వారం చూద్దాంలే అనుకోకండి. గ్యాస్‌తో గాలి సరిగా కలవకపోతేనే మంట అలా ఉంటుంది. బర్నర్ గొట్టం మొదట్లో గాలి పీల్చుకునే సందు ఉంటుంది. వాడని నెలల్లో సాలీళ్లు అందులో గూడు కడతాయి. దారి మూసుకుపోతే గ్యాస్ వెనక్కి తన్ని, నాబ్‌ల వెనకే అంటుకోవచ్చు.

ట్యాంకు విప్పేసి, గ్రిల్ చల్లగా ఉన్నప్పుడు పైజాలీ, దాని కింది రేకులు తీయండి. బర్నర్ వెనక చివర ఉన్న స్క్రూ గానీ పిన్ను గానీ ఊడదీస్తే బర్నర్ పైకి వస్తుంది. సన్నటి బాటిల్ బ్రష్‌ని గొట్టంలోకి దూర్చి తిప్పుతూ లాగండి. బర్నర్ పైభాగాన్ని అడ్డంగా రుద్దండి. పొడవునా రుద్దితే ఒక రంధ్రం దగ్గర లేచిన మసి పక్క రంధ్రంలో దూరుతుంది. పూడుకున్న రంధ్రాల్ని పేపర్ క్లిప్ తీగతో పొడిస్తే చాలు. డ్రిల్ వాడితే రంధ్రం పెద్దదై మంట అదుపు తప్పుతుంది. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం నోరు గ్యాస్ వాల్వు మొనని పూర్తిగా కప్పుకుందో లేదో టార్చి వేసి చూడండి. పక్కకి కూర్చుంటే గ్యాస్ బర్నర్‌లోకి కాక పెట్టెలోకి పోతుంది. అంతా సరిగ్గా ఉంటే మంట నీలంగా, కొసల్లో కాస్త పసుపుగా ఉంటుంది.

ఎలాగూ విప్పారు కాబట్టి మూతతో మొదలుపెట్టి, గోడలు, అడుగు, చివరికి జిడ్డు తట్ట వరకు ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకేయండి. తట్టలో పేరుకున్న కొవ్వు అంటుకుంటే బర్నర్లు కట్టేసి మూత వేయాలి, నీళ్లు పోయకూడదు. ఓవెన్ క్లీనర్ జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటికి కాస్టిక్ సోడాయే బలం, అది అల్యూమినియం పెట్టెని తినేస్తుంది.

ప్రశ్న: మూత లోపలి పెయింట్ పొరలుగా ఊడి చికెన్ మీద పడుతోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సాధారణంగా అది పెయింట్ కాదు, పొగా నూనే కలిసి గట్టిపడిన మసి. మూత గోరువెచ్చగా ఉన్నప్పుడు ఉండ చుట్టిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దితే రాలిపోతుంది.

ప్రశ్న: పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు జాలీకి అతుక్కుపోతున్నాయి. తీగ బ్రష్‌తో ఎంత గీకినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు ఆ బ్రష్ పారేయండి. తీగలు ఊడి జాలీకి, అక్కడి నుంచి ముక్కకి అంటుకుంటాయి. అలా తీగలు మింగి రోడ్ ఐలాండ్‌లో ఆసుపత్రిపాలైన ఆరుగురి వివరాల్ని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012లో ప్రచురించింది. కొందరికి గొంతులో గుచ్చుకుంటే, ఇంకొందరికి పేగుకే చిల్లు పడింది. తీగల్లేని బ్రష్ గానీ చెక్క గీకుడు పలక గానీ కొనుక్కోండి. వంటకి ముందు పది పదిహేను నిమిషాలు పెద్ద మంట మీద మూత వేసి కాలిస్తే అంటుకున్నది బొగ్గై సులువుగా రాలుతుంది. ఆ తర్వాత మడిచిన గుడ్డకి కాస్త నూనె అద్ది, పటకారతో పట్టుకుని జాలీ మీద పాముకోండి. ముక్కల మీద మిగిలిన పెరుగుని దులిపేసి, వాటికీ నూనె రాయండి. ముక్క కాలితే తనంతట తానే జాలీని వదులుతుంది. అంతకుముందే తిప్పితే చిరుగుతుంది.

ప్రశ్న: డాబా మీది బొగ్గుల గ్రిల్ అడుగు రెండు వర్షాకాలాలకే తుప్పు పట్టింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీకు ఉప్పుగాలి ఎలాగూ తప్పదు, దానికి లోపల వదిలేసిన బూడిద తోడైంది. బూడిద గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తడిసిన బూడిదకి క్షార గుణం ఉంటుంది. చెమ్మతో కలిసి అది రేకుని వదలకుండా పట్టుకుని తినేస్తుంది. అందుకే వాడిన ప్రతిసారీ పూర్తిగా చల్లారాక బూడిద ఎత్తేయాలి. చల్లారినట్టు కనిపించినా బూడిద అడుగున నిప్పు మర్నాటి వరకూ ఉండొచ్చు. కాబట్టి మూత ఉన్న ఇనప బకెట్‌లోకే ఎత్తండి, ప్లాస్టిక్ డబ్బా వద్దు. తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, నూనె పల్చగా రాసి ఒకసారి కాల్చండి. వేడిని తట్టుకునే పెయింట్ బయటివైపే వేయాలి. కవర్ కింద చెమ్మ నిలుస్తుంది కాబట్టి వాన వెలిసిన రోజు దాన్ని తీసి ఆరబెట్టండి. అడుగుకి చిల్లు పడితే మాత్రం నిప్పులు డాబా మీద పడతాయి, అడుగు పళ్లెం మార్చాకే వాడండి.