అతిథి ఒంటికి ఆ ఎండ కొత్త

ప్రశ్న: ఉష్ణమండలంలో తిరుగుతూ 2 నెలలుగా ఒకే ఊళ్లో గది తీసుకుని ఉంటున్నాను. చలిదేశం నుంచి నా స్నేహితురాలు 10 రోజులు ఉండడానికి వస్తోంది. దిగిన రోజు నుంచే తిప్పాలని అంతా రాసి పెట్టుకున్నాను. ఇంకేం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ రాసుకున్న దాంట్లో మొదటి 3 రోజులూ కొట్టేయండి. ఈ 2 నెలల్లో మీ ఒళ్లు వేడికి అలవాటు పడింది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పోస్తుంది, దాంతోపాటు పోయే ఉప్పు తగ్గుతుంది. ఆమె ఒళ్లు అలా మారడానికి 1 నుంచి 2 వారాలు పడుతుంది, అంటే దాదాపు తిరుగు ప్రయాణం నాటికి! కాబట్టి మీకు హాయిగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. పొద్దున 10 లోపు, సాయంత్రం 4 తర్వాత బయట తిరగండి. మధ్యలో నీడపట్టున ఉండండి. భూమధ్యరేఖ దగ్గర పొద్దుగూకాక వెలుతురు అరగంట కూడా నిలవదు. సుదీర్ఘమైన వేసవి సాయంత్రాలు ఎరిగిన మనిషి ఇంకా టైముందిలే అనుకుంటుంది, సంచిలో టార్చి పెట్టండి.

గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఊరికే కారిపోతుంది. అప్పుడు నీళ్లు తాగించడంతో సరిపెట్టకండి. చేతులు, మెడ తడిపి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. తలనొప్పి, వికారం మొదలైతే ఆ రోజుకి తిరుగుడు చాలించాలి. మాట తడబడి, తికమకపడుతుంటే అది వడదెబ్బ. అంబులెన్సుకు ఫోను చేసి, అది వచ్చేలోగానే ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి.

విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూను తలకొట్టి కొలవాలి, గోపురంగా కాదు. పంచదార ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి, ఉప్పు ఎక్కువైతే అసలుకే ప్రమాదం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే మేలు.

ప్రశ్న: గదిలో దోమతెర ఉంది. మా అతిథికి అది చాలదా?

జవాబు: రాత్రికి చాలు, పగటికి చాలదు. మలేరియా దోమ పొద్దుగూకాక కుడుతుంది. డెంగీ దోమ పట్టపగలే, ముఖ్యంగా తెల్లవారాక, సాయంత్రం చీకటి పడేముందు. తెర అంచులు చీకటి పడకముందే పరుపు కిందికి దోపండి. మోచెయ్యి తెరకు ఆనితే బయటి నుంచే కుట్టేస్తుంది, అందుకే ఇరుకు తెర దండగ. పగటికి 20 నుంచి 30 శాతం డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని రసాయనం) ఉన్న మందు ఒంటికి రాయండి. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమమందు. రెండూ కలిపిన ట్యూబు వద్దు: సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి రాయాలి, దోమమందు అన్నిసార్లు అక్కర్లేదు.

బకెట్లో, కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు వారానికోసారైనా పారబోసి, లోపలి గోడలు రుద్దండి. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.

జ్వరమొస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. మలేరియా ఉన్న చోటైతే అది రాకుండా వేసుకునే మాత్రలు ఆమె బయల్దేరకముందే డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. వెళ్లిపోయాక కూడా ఆపకూడదు: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు. ఇంటికి చేరాం కదా అని మానేసేది ఇక్కడే.

ప్రశ్న: ఏసీ గదిలోంచి బయటికి తేగానే ఆమె కెమెరా లెన్సు మసకబారుతోంది. పాడైందా?

జవాబు: లేదు. చల్లటి గాజుకు తేమగాలి తగిలి నీరు పట్టింది. గదిలో ఉండగానే జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికి తెచ్చాక అరగంట ఆగి తెరవండి. తొందరపడి లెన్సు మార్చకండి, తేమ లోపలికీ పోతుంది. పట్టిన ఆవిరిని చొక్కా చెంగుతో తుడవకండి, దానంతటదే ఆరుతుంది.