టాపిక్ పాతదే, చేసే తీరు మార్చండి

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. వైర్‌లెస్ అడ్‌హాక్ నెట్‌వర్కుల్లో (టవర్ లేకుండా పరికరాలే ఒకదాని మెసేజ్ ఇంకొకటి అందించుకునేవి) బ్యాటరీ తక్కువ ఖర్చయ్యేలా మెసేజ్‌కి దారి ఎంచే రూటింగ్ మీద ప్రాజెక్టు చేయమని మా గైడ్ అంటున్నారు. సీనియర్లేమో ‘అది పాత చింతకాయ పచ్చడి, ఏఐ తీసుకో’ అంటున్నారు. నాన్న ‘ఉద్యోగం వచ్చేదే చెయ్యమ్మా’ అంటారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఏఓడీవీ అనే రూటింగ్ ప్రోటోకాల్ ప్రమాణ పత్రం (ఆర్ఎఫ్‌సీ) 2003 సంవత్సరంలో వెలువడింది. నోడ్లను, అంటే నెట్‌వర్కులోని పరికరాలను, గుంపులు కట్టి, గుంపు నాయకత్వాన్ని వంతులవారీగా మార్చుతూ బ్యాటరీ ఆదా చేసే లీచ్ అనే పద్ధతి 2000 నాటిది. దాన్ని ప్రతిపాదించిన ముగ్గురిలో అనంత చంద్రకాసన్ చెన్నైలో పుట్టినవారు, హరి బాలకృష్ణన్ ఐఐటీ మద్రాసులో చదివినవారు. అప్పట్నుంచీ ‘మెరుగుపరిచిన లీచ్’ అంటూ వచ్చిన స్టూడెంట్ రిపోర్టులకు లెక్కే లేదు. ఇంటర్వ్యూల్లో నేనే చాలా చూశాను. సిమ్యులేటర్లో వంద నోడ్లు, రెండు గ్రాఫులు, ఎర్ర గీత కంటే నీలం గీత పైన. ‘ఒక నోడ్ ఊరికే వింటూ కూర్చుంటే ఎంత కరెంటు తింటుంది?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు.

అయినా టాపిక్ మార్చకండి. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

దూరం పెరిగేకొద్దీ పంపడానికి కావలసిన పవర్ దాని వర్గం లెక్కన, ఒక్కోసారి ఇంకా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఒక పెద్ద గెంతు కంటే నాలుగు చిన్న గెంతులు మేలని పాఠాల్లో ఉంటుంది. రేడియో చిప్ వివరాలుండే డేటాషీట్ తెరిస్తే కథ వేరు. సెన్సర్ నెట్‌వర్కుల్లో ఒకప్పుడు బాగా వాడిన సీసీ2420 రేడియో ఫుల్ పవర్‌లో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, వినేటప్పుడు 18.8. మాట్లాడటం కంటే చెవి ఒగ్గి కూర్చోవడమే ఖరీదన్నమాట! 2500 ఎంఏహెచ్ సెల్స్ వేసి రేడియోను ఎప్పుడూ వింటూ ఉంచితే అయిదున్నర రోజుల్లో ఖాళీ. వందలో ఒక వంతు సమయమే మేలుకునేలా చేస్తే, కాగితం మీద ఏడాదిన్నర వస్తుంది (నిద్రలో తినే కరెంటు కలిపితే కొంత తగ్గుతుంది). ప్రతి చిన్న గెంతుకూ మధ్యలో ఇంకొకరు మేలుకుని వినాలి కదా. కాబట్టి నిద్ర సంగతి తేలకుండా దారి సంగతి తేలదు.

ఇంకో చిక్కుంది. ఎప్పుడూ తక్కువ ఖర్చు దారే ఎంచుకుంటే మధ్యలో ఉన్న ఒకే నోడ్ మీద భారమంతా పడుతుంది. అడగ్గానే వచ్చే మనిషికే ఊరంతా పనులు చెప్పినట్టు. అది ముందు చచ్చిపోతుంది, నెట్‌వర్క్ రెండు ముక్కలవుతుంది. అందుకే మిగిలిన బ్యాటరీని కూడా చూసి దారి ఎంచాలి.

మీ ప్రాజెక్టు ఈ రెండింటి చుట్టూ, నిద్ర, మిగిలిన బ్యాటరీ చుట్టూ తిరగాలి. ముందు చిన్న పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికి-ఎన్‌జీ తీసుకుని, దాని కూజా సిమ్యులేటర్లో ఆర్‌పీఎల్ అనే రూటింగ్ ప్రోటోకాల్ నడపండి. అది 2012 నాటిది, బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరాల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. తర్వాత ఎన్ఆర్ఎఫ్52840 లాంటి రేడియో చిప్ ఉన్న బోర్డులు ఓ అయిదు సంపాదించండి. రెసిస్టర్లు, బ్రెడ్‌బోర్డు బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో దొరుకుతాయి. సప్లై వైర్లో పది ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, కాలేజీ ల్యాబ్ ఆసిలోస్కోప్‌తో కరెంటు చూడండి. పంపడం, వినడం అందులో బాగానే కనిపిస్తాయి. నిద్ర కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది, అది దీనికి దొరకదు. పైగా బోర్డు మీది ఎల్ఈడీ, రెగ్యులేటర్ కూడా లెక్కలో కలిసిపోతాయి. ఇక్కడ పడే తిప్పలే ఇంటర్వ్యూలో మీకు మాటలవుతాయి. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే షాపులు హైదరాబాద్ అమీర్‌పేటలోనే కాదు, బెంగళూరులోనూ ఉన్నాయి. ఆ గడప తొక్కకండి.

ఉద్యోగాల మాట. అడ్‌హాక్ రూటింగ్ అని వెతికితే ఏమీ దొరకదు. ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్, వైర్‌లెస్ ప్రోటోకాల్ స్టాక్, ఐఓటీ అని వెతకండి. కేంద్రం 2021లో తెచ్చిన పథకం లక్ష్యం 25 కోట్ల స్మార్ట్ మీటర్లు. వాటిలో కొన్ని ఒకదాని మాట ఇంకొకటి అందించే రేడియో మెష్ మీదే మాట్లాడుకుంటాయి. కరెంటు మీటర్‌కి బ్యాటరీ బెంగ లేదు, నీళ్ల మీటర్‌కి ఉంటుంది. టవర్ లేని చోట సైనికుల రేడియోలకు కూడా ఈ చదువే కావాలి. జాలహళ్లిలో రక్షణ ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్, బెంగళూరులోనే డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్నాయి. డీఆర్‌డీఓ అయినా, ఐఐఎస్‌సీలో ఎంటెక్ అయినా గేట్ రాయండి. అయితే ఈసీ పేపర్లో ‘నెట్‌వర్క్స్’ అంటే సర్క్యూట్ల నెట్‌వర్క్స్. ఈ ప్రాజెక్టు చదువు అక్కడ పెద్దగా పనికిరాదు.

నాన్నగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫ్రెషర్లకు ఎంబెడెడ్ ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ. క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీలు ప్రాజెక్టు టైటిల్ కంటే కోడింగ్ టెస్టే ఎక్కువ చూస్తాయి. కాబట్టి రోజూ ఓ గంట సీ, డేటా స్ట్రక్చర్స్ తప్పదు. అందులో వచ్చే, తక్కువ ఖర్చు దారి వెతికే డైక్‌స్ట్రా, బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతులు మీకు రూటింగ్‌లోనూ ఎదురవుతాయి, రెండుసార్లు చదవక్కర్లేదు.

ఈ వారం మాత్రం ఒకటే పని. గైడ్‌ని అడిగి ల్యాబ్ నుంచి రేడియో ఉన్న బోర్డు ఒకటి తీసుకోండి. ఏమీ పంపకుండా వినడానికి ఎంత తింటుందో కొలవండి. ప్రాజెక్టు టైటిల్ ఆ అంకె చేతికొచ్చాక పెట్టుకోవచ్చు.