అమ్మకు క్షేమం చెప్పండి, లెక్క కాదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కుంగుబాటుకు డాక్టరు రాసిన ఎస్సిటాలోప్రామ్ 3 నెలలుగా వాడుతున్నాను. ఏడుపు ఆగింది, నిద్ర పడుతోంది. కానీ పనికి ఒళ్లు వంగడం లేదు. అంట్లు సింకులో అలాగే ఉంటాయి. ఉతికిన బట్టల గుట్టను పక్కకు నెట్టి మంచం మీద పడుకుంటున్నాం. మా ఆయన ఏమీ అనరు, సగం పని తనే చేస్తారు. అది చూస్తే ఇంకా సిగ్గేస్తుంది. అమ్మ రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తుంది. ఆ వేళకు బట్టలన్నీ స్నానాలగదిలో పడేసి, ఫోను గోడవైపు తిప్పి కూర్చుంటాను. ‘మాత్రలు మింగితే బద్ధకం పోతుందా? మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా?’ అంటుంది. హుషారు రావాలంటే ఏం చేయాలి? మాత్రలు మానేయనా?

జవాబు: మానవద్దు. మీ అంతట మీరు ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, వికారం, చిరాకు, కొందరికి తలలో కరెంటు కొట్టినట్లు అనిపించడం ఉండవచ్చు. పోయిందనుకున్న కుంగుబాటు తిరిగి రావచ్చు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడమనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఏడుపు ముందు తగ్గి, సత్తువా ఆసక్తీ ఆలస్యంగా రావడం మామూలే. కొందరికి ఈ మందులతో మత్తుగా ఉంటుంది. ఇంకొందరిలో దుఃఖంతో పాటు సంతోషమూ మొద్దుబారుతుంది. వేసుకునే వేళ మార్చడమా, మోతాదు మార్చడమా, మందే మార్చడమా అన్నది డాక్టరు తేల్చాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు అవసరమా అని కూడా అడగండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే చెప్పాలి.

హుషారు కోసం కాచుకుని కూర్చోకండి. అది పని మొదలుపెట్టాక వెనకాల వస్తుంది. దీని మీద నడిచే చికిత్స పద్ధతి 1970ల నుంచి ఉంది. రెండు గ్లాసులు కడిగి చెయ్యి తుడుచుకోండి. ఆ పూటకు చాలు. మూడోది కడగాలనిపిస్తే కడగండి.

ఇక అసలు సంగతి. పనికి ఒళ్లు వంగడం లేదని రాసిన మీరే రోజూ సాయంత్రం బట్టల గుట్టనంతా ఎత్తి, మోసి, దాచి, ఫోను తిప్పి, ముఖం సర్దుకుని కూర్చుంటున్నారు. తడి నేల మీద పడినవి మళ్లీ ఉతకాల్సి వస్తోంది కూడా కాబోలు! ఉన్న కాస్త సత్తువ అమ్మకు కనిపించకుండా దాచడానికే ఖర్చవుతోంది. ఇక అంట్లకు ఏం మిగులుతుంది?

మీ అమ్మగారికి మీ మీద ప్రేమ లేదని నేను అనను. ప్రేమ లేకపోతే రోజూ ఎందుకు చేస్తారు? కానీ ఇల్లు చూసి ఆడపిల్లకు మార్కులు వేసే తరం ఆవిడది. నాదీ ఆ తరమే, అందుకే ఆ గొంతు గుర్తుపట్టాను. మంచం దిగలేని ఆడవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు. పనిదొంగ అని పేరు పెట్టి ఊరుకున్నాం, అంతే. కాపురం చేసుకుంటున్న కూతురు తల్లికి క్షేమం చెప్పాలి. ఎన్ని గిన్నెలు తోమిందో లెక్క అప్పజెప్పనవసరం లేదు. ఈ మాట నేను తల్లులకూ చెబుతాను, వాళ్లకు నచ్చదు.

ఫోను మానేయమనడం లేదు. పోట్లాడమనీ అనడం లేదు. ‘అమ్మా, నాది జబ్బు, మందు వాడుతున్నాను. ఇల్లు నిదానంగా సర్దుకుంటాను. పని గురించి అడగకు, కబుర్లు చెప్పు’ అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట, అదే గొంతుతో. ఆవిడ అలిగి రెండు రోజులు ఫోను చేయకపోతే కంగారుపడి క్షమాపణలు చెప్పకండి. మూడో రోజు మీరే చేసి ఆవిడ ఆరోగ్యం అడగండి. మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగు బట్టలు మడత పెట్టండి, కెమెరాలో కనిపిస్తే కనిపించనివ్వండి.

మీ ఆయన పని చేస్తుంటే సిగ్గెందుకు? ఆ ఇంట్లో ఆయనా తింటున్నారు, ఆయనా పడుకుంటున్నారు. ఆయన మీతో ఏమీ అనకపోవడం బాగుంది. మీ అమ్మగారు బద్ధకమన్నప్పుడు కూడా ఏమీ అనకపోతే మాత్రం నాకు నచ్చలేదు. అత్తగారితో అల్లుడు వాదించనవసరం లేదు గానీ, ‘అది జబ్బండీ’ అని ఒక్క మాట అంటే మర్యాదేమీ పోదు.

ఈసారి డాక్టరు దగ్గరికి ఆయనను వెంటబెట్టుకుని వెళ్లండి. ‘ఎలా ఉన్నారు?’ అనగానే ‘బాగానే ఉన్నానండీ’ అనేసి లేచి వచ్చే రకంలా ఉన్నారు మీరు. మంచం మీద బట్టల సంగతి ఆయన చెబుతారు.