మందు షాపు పేటకు చేసే మేలేంటి? బ్రూక్లిన్‌లో నేను చూసింది

"అమెరికాలో నల్లజాతివాళ్లు నడిపే వైన్ షాపులు వాళ్ల పేటలకు అండగా ఉంటున్నాయని మెచ్చుకుంటున్నారు. మందు అమ్ముతూ అండేంటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాపారాన్ని నేను కౌంటర్‌కి రెండు పక్కలా చూశాను కాబట్టి రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2009లో నా ఉద్యోగం పోయింది. గ్రీన్ కార్డు ఉంది కానీ చేతిలో డబ్బు లేదు. న్యూజెర్సీలో మా బాబాయ్‌కి లిక్కర్ స్టోర్ ఉంటే ఏడాది పైనే అక్కడ కూర్చున్నా. ఊరి పేరు వద్దులెండి. కొనేవాళ్లంతా నల్లజాతివాళ్లు, అమ్మేవాళ్లం మేము. మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా బుల్లెట్‌ప్రూఫ్ అద్దం. ఆ అద్దంలో తిరిగే పెట్టె ఒకటి. అవతలివాళ్లు అందులో డబ్బు పెడితే మనవైపు తిప్పుకోవాలి, సీసా పెట్టి మళ్లీ వాళ్లవైపు తిప్పాలి. మాటలు సరిగ్గా వినబడవు, వేలితో చూపిస్తారు. 50 మి.లీ. బుల్లి సీసాలు, మన క్వార్టర్ కన్నా కాస్త పెద్దవి 200 మి.లీ. హాఫ్ పింట్లు, అమ్మకంలో చాలా భాగం ఇవే.

రోజూ పొద్దున షాపు తెరవగానే ఒక పెద్దాయన వచ్చేవాడు. పాత కోటు, చేతిలో సరిగ్గా లెక్కపెట్టిన చిల్లర, ఒక వోడ్కా హాఫ్ పింట్. ఎనిమిది నెలలు అలాగే నడిచింది. చలికాలంలో రావడం మానేశాడు. నేనూ మర్చిపోయా. ఒకరోజు ఒకావిడ వచ్చి ఖాళీ హాఫ్ పింట్ సీసా పెట్టెలో పెట్టి నావైపు తిప్పింది. అద్దానికి దగ్గరగా వచ్చి, "మా నాన్న పేరేంటో తెలుసా నీకు?" అంది. తెలియదన్నా. తలూపి వెళ్లిపోయింది. వెనకనుంచి బాబాయ్ "ఎవర్రా?" అంటే "రిటర్నుకొచ్చారు" అని చెప్పా.

బాబాయ్ చెడ్డవాడేం కాదు. రెండుసార్లు తుపాకీ మొహానికి పెట్టించుకున్నాక అద్దం బిగించుకున్నాడు. కానీ ఇంకో సంగతి కూడా నిజమే. షాపు రోజంతా సంపాదించింది రాత్రి షట్టర్ వేశాక మాతోపాటు కారెక్కి మేముండే ఎడిసన్ వచ్చేసేది. ఆ పేటలో మేం కాఫీ కూడా కొని తాగింది లేదు. అక్కడివాళ్ల గురించి ఇంట్లో మనవాళ్లు వాడే మాట ఒకటుంది, మీకూ తెలుసు. నేనూ వాడాను.

ఈ కోపం అమెరికాలో పాతదే. 1992 లాస్ ఏంజెలెస్ అల్లర్లలో సౌత్ సెంట్రల్ అనే పేట చుట్టుపక్కల రెండొందల దాకా లిక్కర్ షాపులు తగలబడ్డాయి. వాటిని మళ్లీ తెరవనివ్వొద్దని అక్కడి నల్లజాతి, లాటినో కుటుంబాలే నిలబడ్డాయి. వాళ్లను కూడగట్టిన కమ్యూనిటీ కోయెలిషన్ అనే సంస్థను 1990లో పెట్టిన కరెన్ బాస్ 2022లో ఆ నగరానికే మేయర్‌గా గెలిచారు. అదే 1992లో మన దగ్గర నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకుతోంది. 2017లో ఫిలడెల్ఫియాలోనైతే గొడవంతా షాపుల్లోని అద్దాల మీదే. "మమ్మల్ని ఖైదీల్లా చూస్తున్నారు" అని పేటవాళ్లు, "మా ప్రాణాలకు పూచీ ఎవరు" అని చాలావరకు ఆసియా నుంచి వచ్చిన ఓనర్లు. రెండు పక్షాలూ చెప్పింది నిజమేనని నాకు బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. 2016 నుంచి నేనుండేది బ్రూక్లిన్‌లో, బెడ్-స్టయ్ అనే పాత నల్లజాతి పేటలో. చిన్న షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టే పని. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒకావిడ వైన్ షాపు తెరిచింది. పుట్టి పెరిగింది ఆ పేటలోనే. పేరు రాయను, ఆవిడకు నచ్చదు. మొదటిసారి బిల్లింగ్ మెషిన్ పెట్టడానికి వెళ్లి, లోపలికి అడుగుపెట్టగానే నా కళ్లు అద్దం కోసం వెతికాయి. లేదు. చెక్క బల్ల, దాని వెనక ఆవిడ, పక్కన స్టూలు మీద ఎవరో ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. కస్టమర్ కాదట, ఊరికే కూర్చున్నాడట.

న్యూయార్క్ చట్టం ఇలాంటి షాపుకు కాస్త కలిసొస్తుంది. లిక్కర్ స్టోర్ లైసెన్సు మనిషికి ఒక్కటే ఇస్తారు. మన దగ్గర సిండికేట్లలా ఒకడే నలభై షాపులు చేతిలో పెట్టుకోవడం కుదరదు. స్కూలుకో చర్చికో అదే వీధిలో 200 అడుగుల లోపు షాపు పెట్టకూడదు. బీరు అమ్మకూడదు, చిప్స్, జీడిపప్పు కూడా అమ్మకూడదు. వైన్, లిక్కర్ మీదే బతకాలి.

కష్టమంతా సరుకు కొనడంలో ఉంది. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక వచ్చిన పద్ధతి ఇది: తయారుచేసేవాడు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మాలి, షాపు డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనాలి. పాతిక కేసుల సీసాలు ఎత్తేవాడికి ఒక రేటు, రెండు కేసులు తీసుకునేవాళ్లకు ఇంకో రేటు. బాకీ నెలలో కట్టకపోతే ఎగవేతదారుల జాబితాలోకి పేరెక్కుతుంది, ఆ తర్వాత ఎవడైనా నగదు చూపించాకే సరుకు దింపుతాడు. ఆవిడ బిల్లులు నా సాఫ్ట్‌వేర్‌లోకే వస్తాయి కాబట్టి తెలుసు, లాభం పల్చన. ఇంత ఇరుకులోనూ చిన్న నల్లజాతి కంపెనీల సరుకు పట్టుబట్టి తెప్పిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఆ కంపెనీని "నీ సరుకు అడిగే షాపేది?" అంటాడు, షాపువాళ్లు "నీకు డిస్ట్రిబ్యూటర్ ఎవరు?" అంటారు. చెట్టు ముందా విత్తు ముందా! ఇలాంటి ఓ పది షాపులు ఫోన్ చేసి అడిగితే గానీ ఆ ముడి వీడదు. మీరడిగిన అండలో డబ్బుకు సంబంధించిన భాగం నా లెక్కలో ఇదే.

ఆవిడ షెల్ఫులో, కాలిఫోర్నియాలో వైన్‌కి పేరుపడ్డ నాపాలోని మొదటి నల్లజాతి వైనరీ బ్రౌన్ ఎస్టేట్ ఉంటుంది. ఒకరు న్యూజీలాండ్‌లో, ఒకరు కాలిఫోర్నియాలో పెరిగి, చాలా ఏళ్లకు ఒకరినొకరు కనుక్కున్న, ఒకే తండ్రి బిడ్డలైన మెక్‌బ్రైడ్ అక్కచెల్లెళ్ల వైన్ ఉంటుంది. దక్షిణాఫ్రికా నుంచి అస్లీనా ఉంటుంది; అక్కడి మొదటి నల్లజాతి మహిళా వైన్‌మేకర్ ఎన్‌ట్సికి బియేలా తన అమ్మమ్మ పేరు పెట్టుకుని చేస్తున్నది. అంకుల్ నియరెస్ట్ విస్కీ సీసా కింద ఆవిడ చేత్తో రాసిన చీటీ ఉంది: "జాక్ డేనియల్‌కి విస్కీ కాయడం నేర్పినాయన." నిజమే, నియరెస్ట్ గ్రీన్ బానిసగా ఉన్న మనిషి. ఆ కంపెనీ 2025లో అప్పుల కేసులో పడింది, చీటీ మాత్రం అక్కడే ఉంది. ఇలాంటి షాపు ఇదొక్కటే కాదు. మా బెడ్-స్టయ్‌లోనే 2019లో వచ్చిన హ్యాపీ కార్క్ ఈ తరహాదే. బోస్టన్‌లో అర్బన్ గ్రేప్ అనే వైన్ షాపువాళ్లు 2020లో నల్లజాతి, ఇతర మైనారిటీ పిల్లలు వైన్ చదువు చదువుకోవడానికి బోస్టన్ యూనివర్సిటీతో కలిసి స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు.

అదే 2020లో, పెద్ద దుకాణాలు షెల్ఫుల్లో 15 శాతం నల్లజాతివాళ్ల సరుకు పెట్టాలనే ప్రచారం కూడా మొదలైంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం వైన్ షాపుల లైసెన్సుల్లో గౌడ్లకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 కేటాయించినప్పుడు మా నల్గొండ స్నేహితుల గ్రూపులో దీని గురించే వాదన. నా మటుకు నాకు, తరాలుగా చెట్టెక్కి కల్లు గీసినవాడికి షాపులో వాటా అడిగే హక్కుంది. లైసెన్సు ఒకరి పేరున, వ్యాపారం ఇంకొకరి చేతిలో ఉంటే మాత్రం ఆ అంకెతో పనిలేదు.

ఇప్పుడు మీ రెండో ముక్క, "మందు అమ్ముతూ అండేంటి". పోయినేడాది ఫిబ్రవరిలో, సాయంత్రం ఏడు గంటలప్పుడు నేను షాపులో ప్రింటర్ సరిచేస్తున్నా. భార్య పోయి నెల కాని ఒకాయన వచ్చి హాఫ్ పింట్ అడిగాడు. ఆ రోజు రెండోసారి. ఆవిడ సీసా తియ్యలేదు. "ఇవాళ్టికి చాలు. మీ అక్కకి ఫోన్ చేశా, వస్తోంది, కూర్చో" అని స్టూలు చూపించింది. ఆయన అరిచాడు. బూతులు తిట్టాడు. తర్వాత కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు అక్క వచ్చి తీసుకెళ్లింది. వాళ్లు వెళ్లాక ఆవిడ నాతో ఒక మాట చెప్పింది: కళ్లెదుట తూలుతున్నవాడికి అమ్మకూడదని న్యూయార్క్ చట్టంలో ఉన్నట్టే, తాగుడుకు బానిసైనవాడని అమ్మేవాళ్లకు తెలిసినవాడికి కూడా అమ్మకూడదని రాసి ఉందట. ఇంటికెళ్లి చూశా, ఉంది. తెలిసినవాడు. నేను న్యూజెర్సీ అద్దం వెనక ఎనిమిది నెలలు కూర్చుని పేరైనా తెలుసుకోలేదు.

అలాగని ఆవిడ షాపును గుడిని చేయను. ఆ ఏడు గంటలాయన మర్నాడు అవెన్యూ మీద ఇంకో షాపులో కొనుక్కునే ఉంటాడు. పాతిక డాలర్ల వైన్ షాపు వచ్చిందంటే అద్దెలు పెరిగే రోజులొచ్చాయని పాతవాళ్లు గొణుక్కుంటారు, అందులో అబద్ధం లేదు. అందుకే ఆవిడ కింది అరలో చవక హాఫ్ పింట్లూ ఉంచుతుంది. అవే లేకపోతే అద్దె కట్టలేనని తనే అంటుంది. మరి పేటకు ఏమొస్తోందంటే: పనిచేసే ముగ్గురూ ఆ వీధులవాళ్లే, వేసవిలో వీధివాళ్లంతా కలిసి చేసుకునే బ్లాక్ పార్టీకి ఐస్ ఆవిడదే, శుక్రవారం సాయంత్రం ఉచితంగా వైన్ రుచి చూపించేటప్పుడు కొత్తగా వచ్చినవాళ్లూ పాతవాళ్లూ ఒకే బల్ల దగ్గర నిలబడతారు. నాకు ఆ పేటలో తెలిసిన మనుషుల్లో సగం మంది ఆ బల్ల దగ్గర పరిచయమైనవాళ్లే.

బాబాయ్ ఒకసారి వచ్చినప్పుడు తీసుకెళ్లా. పది నిమిషాలు గోడలూ కెమెరాలూ చూసి, నా చెవిలో "దొంగతనాలు ఎన్నిరా?" అన్నాడు. ఆవిడకు చెప్పేశా. నవ్వి, "నాలుగేళ్లలో మూడు సీసాలు. ఒకటి తిరిగొచ్చింది, వాళ్లమ్మ తెచ్చిచ్చింది" అంది. బాబాయ్ నమ్మలేదు. అస్లీనా ఒకటి కొన్నాడు, అదీ బేరమాడి.

మీరు న్యూయార్క్ వస్తే వెళ్లి చూడండి. ఐడీ మాత్రం మర్చిపోవద్దు, నెత్తి నెరిసిన నన్నూ ఆవిడ అడుగుతూనే ఉంటుంది.