బోర్డు మీద బ్యాంకు, పాస్‌బుక్కులో సంఘం: 5 లక్షల బీమా వస్తుందా?

ప్రశ్న: నేను ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాను. గాజువాకలో ఉంటున్నాం. దగ్గర్లోని ఒక చిన్న బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో 3,20,000, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నాలుగేసి లక్షలు పెట్టాను. సేవింగ్స్‌కే 9 శాతం వడ్డీ అన్నారు. కలెక్షన్ ఏజెంటు మా తోడల్లుడి కొడుకే కావడంతో నమ్మాను. డిపాజిట్ల గడువు తీరి 14 నెలలైంది, అడిగినప్పుడల్లా వచ్చే నెల అంటున్నారు. మధ్యలో లక్షకు చెక్కు ఇచ్చి, మేం చెప్పేదాకా వేయొద్దన్నారు. 5 నెలలుగా అది బీరువాలోనే ఉంది. ఇప్పుడు మేనేజరు పాత రశీదులు తెచ్చిస్తే నా పేరున, మా ఆవిడ పేరున, అబ్బాయి పేరున పాత తేదీలతోనే మూడు రశీదులు రాసిస్తానంటున్నాడు. ఒక్కొక్కరికీ 5 లక్షల బీమా వస్తుందట. ఇచ్చేయమంటారా? మా ఆవిడ దగ్గరున్న 9 లక్షలు ఏ చిన్న బ్యాంకులో వేస్తే క్షేమం? అమ్మాయి పెళ్లి దగ్గర పడింది, నిద్ర పట్టడం లేదు. పాస్‌బుక్కు, చెక్కు ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రశీదులు ఇవ్వకండి. మిగతాదంతా ఆ తర్వాత.

ఏజెంటు ఎవరి కొడుకన్నది కోర్టుకు పట్టదు. మీ కేసు ఒక్క ప్రశ్న మీద తేలుతుంది: మీరు డబ్బు వేసింది బ్యాంకులోనా? మీ పాస్‌బుక్కు మొదటి పేజీ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో సంస్థ పేరు, కింద రబ్బరు స్టాంపులో 'ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995' అని, రిజిస్ట్రేషన్ నంబరు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ప్రస్తావన ఎక్కడా లేదు. రెండో గుర్తు మీ బీరువాలోనే ఉంది. ఆ లక్ష రూపాయల చెక్కు ఒక జాతీయ బ్యాంకులో ఆ సంస్థకున్న కరెంటు ఖాతాది. అంటే ఆ సంస్థ కూడా మీలాగే ఒక బ్యాంకుకు ఖాతాదారు. మీరు వంద రూపాయల వాటా కట్టి సభ్యుడైన సహకార సంఘం అది.

బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, 1949లోని 7వ సెక్షన్ ప్రకారం సహకార బ్యాంకు కాని సంఘం తన పేరులో 'బ్యాంకు' అనే మాట వాడకూడదు. ఇలాంటి సంఘాల్లో పెట్టిన డిపాజిట్లకు బీమా ఉండదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజల్ని బాహాటంగానే హెచ్చరించింది. 5 లక్షల బీమా ఇచ్చేది డీఐసీజీసీ (రిజర్వు బ్యాంకు అనుబంధ డిపాజిట్ బీమా సంస్థ), అదీ తన దగ్గర నమోదైన బ్యాంకులకే. మీ సంఘం ఆ జాబితాలో ఉండే అవకాశమే లేదు. రశీదు ఒకటైనా మూడైనా వచ్చే బీమా సున్నా.

ఇక మేనేజరు చెప్పిన దారి మిమ్మల్ని రెండు విధాలా ముంచుతుంది. పాత తేదీ వేసిన రశీదు తప్పుడు పత్రం. దాన్ని తెలిసి తీసుకుని ఎక్కడైనా దాఖలు చేస్తే, బాధితుడిగా వెళ్లిన మీరే ఫోర్జరీ కేసులో నిందితుడవుతారు. అసలు రశీదులు ఆయన చేతికి వెళ్లాక గడువు తీరిన తేదీకి, మీరు కట్టిన మొత్తానికి మీ దగ్గర రుజువు మిగలదు. కొత్త రశీదులో మళ్లీ రెండేళ్ల గడువు రాసి ఉంటే, అప్పటిదాకా అడిగే హక్కు కూడా పోతుంది. ఆయనకు కావలసింది ఆ కాగితాలే.

ఇప్పుడు గడువుల లెక్క. చెక్కు తేదీ నుంచి 3 నెలల్లోపే బ్యాంకులో వేయాలి. అది తిరిగొస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు: చెక్కు బౌన్సుకు వేసే 138వ సెక్షన్ కేసు నడిచే తీరు ఇది. వాళ్లు వేయొద్దన్నారని మీరు బీరువాలో పెట్టుకున్నారు, ఆ కేసు చేజారింది. వాయిదా చెక్కు ఇచ్చి మూడు నెలలు దాటించడం చాలా పాత ఎత్తు, చదువుకున్న మీరు అందులో పడకుండా ఉండాల్సింది. అయినా దాన్ని చించేయకండి. సంతకం ఉన్న ఆ చెక్కును, బాకీ ఉన్నట్టు వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న ఆధారంగా చూపించవచ్చు. కొత్త చెక్కు ఇస్తే తీసుకుని, దాని మీది తేదీ రాగానే వేసేయండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు. దాన్ని డిపాజిట్ల మెచ్యూరిటీ తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం. 14 నెలలు పోయాయి, 10 మిగిలాయి. సివిల్ దావాకు మూడేళ్లు. సేవింగ్స్ సొమ్ముకు లెక్క వేరు. అడిగినప్పుడు ఇస్తామన్న డబ్బుకు, కాలపరిమితి చట్టం 22వ అధికరణం ప్రకారం, మూడేళ్లు మొదలయ్యేది మీరు అడిగిన రోజు నుంచి. మీరు ఇప్పటిదాకా నోటితోనే అడిగారు. ఏ రోజు అడిగారని కోర్టులో ప్రశ్నిస్తే చూపించడానికి మీ దగ్గర ఏముంది?

కాబట్టి ఈ వారమే పాస్‌బుక్కులో ప్రతి పేజీ, రశీదులు రెండు వైపులా, వాటా పత్రం, చెక్కు స్కాన్ చేయించి, అసలువి ఇంట్లో కాకుండా లాకరులో పెట్టండి. పాస్‌బుక్కు చివరి ఎంట్రీల్లో ఏజెంటు పొట్టి సంతకం మాత్రమే ఉంది, కౌంటరు ముద్ర లేదు. ఆ మొత్తాలు మాకు చేరలేదని సంఘం బుకాయించే చోటు ఇదే. డబ్బు తీసుకున్నట్టు ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలు ఉంటే అక్కడ మీకు అక్కరకొస్తాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, అది ఏ ఫోను నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి. కేసు తేలేదాకా ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి.

తర్వాత సంఘం అధ్యక్షుడికి, ముఖ్య కార్యనిర్వహణాధికారికి విడివిడిగా స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా డిమాండు నోటీసు పంపండి. ఖాతా నంబర్లు, మొత్తాలు, మెచ్యూరిటీ తేదీలు రాసి 15 రోజుల గడువివ్వండి. తిట్లు, బెదిరింపులు వద్దు. నకలు జిల్లా సహకార అధికారికి పంపి, సభ్యుడిగా సంఘం బైలాలు, ఆడిట్ నివేదిక అడగండి.

15 రోజుల్లో డబ్బు రాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీ మొత్తం 11,20,000 కాబట్టి ఫీజు 400 రూపాయలే. సంఘం సభ్యులు సహకార చట్టం కిందే వెళ్లాలని వాళ్ల వకీలు తప్పక అంటాడు. సభ్యుడు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు తిరుమురుగన్ సహకార సంఘం కేసులో 2004 ఏడాదికి ముందే తేల్చింది. ఇతర డిపాజిటర్లు కూడా ఉంటే అందరూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక సంస్థల డిపాజిటర్ల పరిరక్షణ చట్టం, 1999 కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఆ చట్టంలో ఆస్తుల జప్తుకు వీలుంది, ఆస్తులు చేతులు మారకముందే వెళ్లాలి. అయితే పోలీసు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన పైన చెప్పిన గడువులు ఆగవు. రెండూ పక్కపక్కనే నడవాలి.

ఇక మీ ఆవిడ 9 లక్షలు. చిన్న బ్యాంకంటే భయపడనక్కర్లేదు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు, లైసెన్సున్న అర్బన్ సహకార బ్యాంకులు అన్నీ బీమా కిందికి వస్తాయి. డీఐసీజీసీ వెబ్‌సైట్లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా తెరిచి, పేరును అక్షరం అక్షరం పోల్చుకోండి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఉందని ఊరుకోకండి, అది వెనకున్న పెద్ద బ్యాంకుదై ఉండొచ్చు. అర్బన్ బ్యాంకైతే వార్షిక నివేదికలో వసూలు కాని అప్పుల వాటా చెప్పే నికర ఎన్‌పీఏ చూడండి. 6 శాతం దాటితే ఆ గడప తొక్కొద్దు.

బీమా పరిమితి ఒక మనిషికి, ఒక బ్యాంకులో 5 లక్షలు. ద్వారకానగర్ శాఖలోది, గాజువాక శాఖలోది కలిపే లెక్కిస్తారు. వడ్డీ కూడా అందులో భాగమే. అందుకే రెండు బ్యాంకుల్లో నాలుగున్నరేసి లక్షలు వేయమంటాను. 7 శాతం వడ్డీతో ఏడాదికి అది 4,81,500 అవుతుంది, పరిమితిలోపే. అదే రెండేళ్లకు వడ్డీ కలుపుకుంటూ పోయే డిపాజిట్ అయితే 5,15,205. ఆ పైన ఉన్న 15 వేలకు బీమా లేదు. వడ్డీ ఎప్పటికప్పుడు తీసుకునే పద్ధతే రాయించుకోండి.

బీమా ఉన్నా డబ్బు మర్నాడే చేతికి రాదు. 2019 సెప్టెంబరులో ముంబయిలోని పీఎంసీ అనే సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఖాతాదారులు మొదట తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు. 2021లో చట్టం సవరించాక, రిజర్వు బ్యాంకు విత్‌డ్రాయల్స్ ఆపిన నాటి నుంచి 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. కొన్ని సందర్భాల్లో ఇంకో 90 రోజులు పొడిగించవచ్చు. పెళ్లికి మండపం, బంగారం, వంటవాళ్లకు కావలసిన మొత్తాన్ని ముందే విడదీసి, మీ పెన్షన్ పడే పెద్ద బ్యాంకు ఖాతాలోనే ఉంచండి. చిన్న బ్యాంకులో వేసేది పెళ్లయ్యాక మిగిలిన సొమ్ము.